వేగులవాడును రాడారు కన్నును



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. తల నెరసినవానికి పిల్లల తుపాకియాటలతో పనియేమి యని యడుగవచ్చును. పని కలిగినది గనుకనే మాటాడుచున్నాను. నిరుడు సంక్రాంతికి మా యింటికి వచ్చిన మనుమలిద్దఱు భోగినాడు తగవులాడి, మఱునాడు ఒక్క పంక్తిని కూర్చుండి భుజింపరైరి. పెద్దవాడు మా కుమారుని కొడుకు. చిన్నవాడు కుమార్తె కొడుకు. పొలము గట్ల తగవులును, నీటివంతుల తగవులును నలువది యేండ్లు తీర్చినవాడను. ఈ తగవు మాత్రము నాకు మొదట బోధపడలేదు.

“తాతయ్యా, వీడు ఎవ్వరికిని కానరాకుండ మేడ మూలను నక్కి కూర్చుండి వెనుకనుండి కాల్చుచున్నాడు. ఇది ఆటయా?” అని పెద్దవాడు. “బావ ఆకాశమున రాడారు నిలిపి, గోడల వెనుకనున్న మమ్ములనందఱిని చూచుచున్నాడు. అది మాత్రము ధర్మమా?” అని చిన్నవాడు. నేను రెండు ఫోనులను లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. తగవు తీరలేదు; వారిద్దఱి నడుమ మాటలు మాత్రము నిలిచిపోయినవి. ఆ రాత్రి నాకు సిగ్గు కలిగినది. ఉభయుల వాదమును వినకయే తీర్పు చెప్పిన పెద్దమనిషిని రచ్చబండమీద మనమేమందుము? తెల్లవాఱగనే ఫోనులు తిరిగి యిచ్చి, ఇద్దఱిని చెఱియొక ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఆటను మొదటినుండి చెప్పించుకొంటిని. పిదప దాని పూర్వోత్తరములను విచారించితిని. నాకు తెలిసినంతవఱకు మీతో మనవి చేసికొందును.

ఈ యాట యనగా నేమి? వేర్వేఱు ఊళ్లలో, ఒక్కొక్కప్పుడు వేర్వేఱు దేశములలో నున్నవారు తమ యంత్రములను ఒకదానితో నొకటి కలుపుకొని, ఒకే బొమ్మలలోకమున ప్రవేశింతురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ సిపాయి యుండును. ఆ సిపాయి కన్నులకు కనబడునదియే ఆటగానికి కనబడును. రెండు పక్షములవారు ఒకరినొకరు వెదకి కాల్చుకొందురు. చచ్చిన సిపాయి కొన్ని క్షణములకు మఱల లేచివచ్చును. ఇట్టి యాట నిన్న మొన్న పుట్టినది కాదు. 1973వ సంవత్సరమున అమెరికాలో కొందఱు విద్యార్థులు మేజ్ వార్ అను చిక్కుదారుల యాటను మొదలిడిరి. గోడమూలలనుండి తొంగిచూచి యొకరినొకరు కాల్చుకొనుటయే దానిలోని పని. నేడు పబ్జీ యను పేరు వినని యిల్లు మన యూళ్లలో అరుదు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వము దాని ఫోను రూపమును నిషేధించినప్పుడు పత్రికలన్నియు ఆ మాటయే వ్రాసినవి.

ఇట్టి యాటలలో పెక్కింటియందు తెర మూలను ఒక చిన్న పటముండును. కరణముగారి గ్రామపటము వంటిదే యది. తనవారు ఎచ్చటెచ్చట నున్నారో ఆ పటము ఎల్లప్పుడును చూపుచుండును. శత్రువులను మాత్రము ఊరక చూపదు. వారిని ఆ పటముమీదికి తెచ్చుటకు సాధనములు వేఱుగా నున్నవి. వాని కన్నింటికిని పిల్లలు స్థూలముగా పెట్టిన పేరు రాడారు. ఆ సాధనములకు చిక్కకుండ శత్రువుల నడుమకు పోయి వార్త తెచ్చువాడు వేగులవాడు. ఈ యిద్దఱిలో ఎవ్వనికి ఎంత బలమియ్యవలయును? తగవంతయు ఇచ్చటనే యున్నది.

రాడారు కల్పితవస్తువు కాదు. నా మాటలను మీ చెవులకు చేర్చు తరంగముల జాతివియే దాని తరంగములును. 1935 ఫిబ్రవరి 26వ తేదీన ఇంగ్లండులో వాట్సన్ వాట్, విల్కిన్సు అను శాస్త్రజ్ఞులు, డావెంట్రీ రేడియో కేంద్రమునుండి వెడలు తరంగములు ఎగురుచున్న విమానమును తాకి మరలివచ్చుటను కనిపెట్టి చూపిరి. కొండకు ఎదురుగా కేక వేసినచో ప్రతిధ్వని వచ్చునట్లే యిది. 1940లో జర్మనుల విమానములు దండెత్తి వచ్చునాటికి ఆ దేశపు తీరముపొడుగున ఎత్తైన స్తంభముల వరుస నిలిచియుండెను. విమానములు సముద్రముమీద నుండగనే వాని రాక తెలిసిపోవుచుండెను. అయినను ఆ కన్నునకు ఒక లోపముండెను. మిక్కిలి తక్కువ యెత్తున వచ్చునది దానికి చక్కగా కనబడదు. అందుకై తక్కువ యెత్తును చూచు రాడారులను వేఱుగా నిలుపవలసివచ్చెను.

కన్ను పుట్టగనే మఱుగును పుట్టినది. 1943 జులై 24వ తేదీ రాత్రి బ్రిటిషువారు హాంబర్గు నగరముమీదికి పోవుచు, అల్యూమినియము పూతగల కాగితపు పీలికలను దారిపొడుగున చల్లిరి. జర్మనుల రాడారు తెరలు ఆ పీలికల ప్రతిధ్వనులతో నిండిపోయి, ఏది విమానమో ఏది కాగితమో తెలియకపోయెను. పిమ్మట అమెరికావారు రాడారుకు దాదాపు కానరాని ఎఫ్-117 అను విమానమును నిర్మించిరి. అట్టి దానినే 1999 మార్చి 27వ తేదీన సెర్బియాలో పాతకాలపు క్షిపణితో కూల్చివేసిరి. కూల్చినవారు తమ రాడారును ఎల్లవేళల వెలిగించి యుంచినవారు కారు. కొద్ది క్షణములు మాత్రము వెలిగించి ఆర్పివేయుచుండిరి. చీకటిలో లాంతరు పట్టినవాడు ఎదుటివానిని చూచును. కాని ఎదుటివానికి తానే ముందుగా కనబడును. రాడారును అట్టిదే. దాని తరంగములే దాని చోటును శత్రువునకు చెప్పును.

కన్నునకు మఱుగు, మఱుగునకు మఱల కన్ను. యుద్ధములో ఇది తెగని పోటీ. అచ్చట ఒకని కన్ను ఎదుటివాని మఱుగును పూర్తిగా జయించినచో, జయించినవాడు సంతోషించును. ఆటలో అట్లు కాదు. ఒక పక్షము ఎప్పుడును గెలుచునదైనచో రెండవ పక్షము లేచిపోవును, ఆట ముగియును. కావున ఆట కట్టువాడు తక్కెడ పట్టిన వర్తకునివలె ముల్లును నడుమ నిలుపవలయును.

ఈ తూకము మనకు క్రొత్త కాదు. గుడి అరుగులమీద చెక్కియున్న పులిజూదపు గళ్లను మీరందఱు ఎఱుగుదురు. ఒక ప్రక్క 3 పులులు, ఒక ప్రక్క 15 మేకలు. పులి దూకి మేకను చంపును. మేక పులిని చంపలేదు, గుంపుగా చేరి దారి కట్టివేయును. బలములు సమానములు కావు. ఐనను ఆట సమానము. పులులు 5 అయినచో మేకలవైపు కూర్చుండువాడు లేడు. మేకలు 30 అయినచో పులులవైపు కూర్చుండువాడు లేడు. ఆ లెక్కను ఏ మహానుభావుడు కుదిర్చెనో గాని, ఎన్నియో ఆటలాడి చూచినగాని కుదురదు. నేటి యంత్రపుటాటలను కట్టువారు చేయుచున్నది ఇదియే.

ఇంకొక దృష్టాంతము విరాటపర్వము. వానలకై మనము చదివించుకొను పర్వమే. పాండవుల అజ్ఞాతవాసమును ఈ దృష్టితో ఎప్పుడైన చూచితిరా? జూదపు పందెమునుండి పుట్టిన నియమమది. ఒక యేడాది దాగియుండవలయును. బయటపడినచో మఱల పండ్రెండేండ్ల యడవి. దుర్యోధనుడు వేగులవారిని దేశముల మీదికి తోలెను. వారు వెదకి వెదకి రిక్తహస్తములతో తిరిగివచ్చిరి. మఱి గుట్టు ఎక్కడ కదలినది? కీచకుడు చచ్చిన వార్తవలన. అంతటి బలవంతుని చంపగలవాడు భీముడు గాక ఇంకెవ్వడని కౌరవులకు అనుమానము పుట్టినది. దాగినవాడు దాగియున్నంతకాలము క్షేమము. కొట్టినప్పుడు చప్పుడు తప్పదు. ఈ సూత్రమే యిప్పటి తుపాకియాటలకు పునాదిరాయి.

ఇప్పుడు కాల్ ఆఫ్ డ్యూటీ యను ఆటల వరుసను ఉదాహరణముగా తీసికొందము. ఆ వరుసలో నాలుగవది 2007లో వెలువడినది. అందు మామూలు తుపాకితో కాల్చినవాడు ఎదుటివారి పటముమీద ఎఱ్ఱచుక్కయై కనబడును. తుపాకికి చప్పుడడచు గొట్టము తగిలించినచో చుక్క పడదు. కాని గుండు దూరము పోయినకొలది దాని బలము తగ్గును. తాను చావక వరుసగా ముగ్గురిని పడగొట్టినవానికి, మనుష్యుడులేని విమానమొకటి పిలుచు హక్కు లభించును. అది కొద్దికాలము తిరుగుచు, దాగినవారిని, దాగనివారిని అందఱిని పటముమీద చుక్కలుగా చూపును. ఇది రాడారు కన్ను. దీనికి విరుగుడుగా ఒక విద్యను పెట్టిరి. ఆ విద్యను తీసికొన్న సిపాయి ఆ విమానమునకు కానరాడు. అయితే ఆ వర్గములో ఒక్క విద్యనే తీసికొనవలయును. గుండు దెబ్బను పెంచు విద్యయు ఆ వర్గములోనిదే. మఱుగు కావలెనన్నవాడు దెబ్బబలము వదలుకొనవలయును. అనగా మఱుగునకు ధర కట్టిరి.

2010లో వెలువడిన బ్లాక్ ఆప్స్ అను ఆటలో ఈ విద్యకు దయ్యమని పేరు పెట్టిరి. దానిని ధరించినవాడు నిలిచినను, నడచినను, పడుకొన్నను గూఢచారి విమానమునకు చిక్కడు. ఇందువలన ఏమి జరుగును? నక్కినవానికి మూల యొక లాభము. రాడారుకు కానరాకుండుట రెండవ లాభము. రెండు లాభములు ఒక్కని చేతిలో పడినప్పుడు, కదలక కూర్చుండుటయే తెలివియగును. మా పెద్ద మనుమని ఫిర్యాదు సరిగా నిదియే.

2012లో వచ్చిన రెండవ బ్లాక్ ఆప్స్‌లో నిర్మాతలు ఆ విద్యను తీసివేయలేదు. ఒక్క షరతు చేర్చిరి. కదలుచున్నంతసేపు, లేక మందుపాతర పెట్టుట, విప్పుట మొదలగు పనులలో నున్నంతసేపు మాత్రమే ఆ మఱుగు పనిచేయును. ఊరక కూర్చున్నవాడు విమానమునకు కనబడును. ఎంత చిన్న మార్పు! ఎంత పెద్ద ఫలము! కదలువానికి మూల చాటు లేదు, అడుగుల చప్పుడు వినబడును, ఎవ్వని కంటనైన పడవచ్చును. అట్టి అపాయమునకు ఒడిగట్టినవానికి రాడారునుండి రక్షణ యిచ్చుట న్యాయము. అపాయమే లేనివానికి ఆ రక్షణ యేల? హనుమంతుడు లంకలో ఇల్లిల్లు వెదకి, సీతమ్మ జాడ కనుగొని, మరలివచ్చి చెప్పెను గనుక వేగులవాడని కొనియాడబడెను. సముద్రతీరమున నొక రాతిచాటున కూర్చుండియుండినచో ఎవ్వరికిని కనబడకపోవును గాని కార్యము నెఱవేఱదు గదా!

వేఱొక పద్ధతియు కలదు. 2007లోనే వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అను ఆటలో తొమ్మిది తెగల సిపాయిలు కలరు. అందొక తెగ గూఢచారులది. గూఢచారి అదృశ్యుడు కాగలడు. శత్రువుల వేషమును ధరింపగలడు. వెనుకనుండి కత్తి దింపినచో ఎట్టివాడైనను ఒక్క పోటున పడును. ఇంత బలమునకు ఎన్ని కళ్లెములు వేసిరో చూడుడు. అదృశ్యుడుగా నున్నప్పుడు కొట్టలేడు. సాధారణముగా ఆ మఱుగునకు కొలత యున్నది. నూనె తఱిగిన దీపమువలె తఱిగిపోవును. మఱుగు వీడునప్పుడు చప్పుడగును. శత్రువునకు తగిలినచో ఒక్క క్షణము మెఱసి కనబడును. నిప్పు చిమ్మువాడు చిమ్మినచో మంటలతో బయటపడును. సాధారణముగా స్వపక్షమువాని గుండు స్వపక్షమువానికి తగులదు గనుక, అనుమానము వచ్చినవాడు ప్రక్కవానిపై నొక గుండు వేసి పరీక్షింపవచ్చును. ఇచ్చట ఆకాశనేత్రము అక్కఱలేకపోయెను. జాగరూకతయే రాడారు.

వీనినన్నింటిని చూచిన పిదప నాకు నాలుగు నియమములు తోచినవి. మొదటిది ధర: చూచుటకైనను దాగుటకైనను ఏదో యొకటి వదలుకొనవలయును. రెండవది గడువు: కన్నుగాని మఱుగుగాని ఎల్లకాలము నిలువరాదు. మూడవది విరుగుడు: ప్రతి సాధనమునకు ఎదురుసాధనము ఎవ్వరికైన అందుబాటులో నుండవలయును. 2009లో వచ్చిన ఆటనుండి ఆ విమానమును తుపాకితో కూల్చుటకు వీలు కల్పించిరి. నాలుగవది హెచ్చరిక: తన్ను చూచుచున్నారని చూడబడువానికి తెలియవలయును. శత్రువుల విమానము లేచినదని ఆ యాటలో ఒక గొంతు కేక వేసి చెప్పును. విన్నవాడు చోటు మార్చుకొనవచ్చును. ఈ నాలుగింటిలో ఈ కడపటిదే నా మనస్సునకు ఎక్కువ హత్తినది. తెలియకుండ చూడబడుటకంటె మనుష్యునకు చిన్నతనము వేఱొకటి లేదు.

ఈ తూకము ఒకసారి కుదిరినచో శాశ్వతముగా నిలుచునని యనుకొనరాదు. 2019లో వచ్చిన ఆటలో, కాల్చినవానిని పటముమీద ఎఱ్ఱచుక్కగా చూపు పాత పద్ధతిని తీసివేసిరి. పాత ఆటగాండ్రు చాలమంది గోలపెట్టిరి. చప్పుడు చేసినవానికి శిక్ష లేకపోయెనని, అందఱు నక్కి కూర్చుండుటకు మరగుదురని వారి వాదము. చుక్కలుండిన గొట్టము తగిలించినవానికే లాభమని ఎదుటివారి వాదము. తరువాతి ఆటలు కొన్నింటిలో ఆ చుక్కలు మఱల వచ్చినవి; 2023లో వచ్చిన ఆటలోను అవి యున్నవి. ఒక్క చుక్కకై అన్నియేండ్ల వ్యాజ్యము! నీటికాలువ తూము ఒక్క బెత్తెడు జరిగినందుకు మన యూళ్లలో నడచిన వ్యాజ్యములు నాకు జ్ఞప్తికి వచ్చినవి.

ఇక దొంగతనమును గూర్చి రెండు మాటలు. కొందఱు దొంగ పనిముట్లతో గోడల వెనుకనున్నవారిని కూడ చూతురు. ఇది ఎట్లు సాధ్యము? అందఱి చోట్లను లెక్క కట్టు పెద్దయంత్రము ఆ లెక్కను ప్రతి ఆటగాని యంత్రమునకును పంపుచుండును. తెరమీద చూపకపోయినను లెక్క లోపల నున్నది. దొంగ దానిని తీసి చూచుకొనును. చీట్లపేక పంచువాడు అందఱి ముక్కలను ఒక్కని యొడిలో పెట్టి, చూడవద్దని చెప్పినట్లున్నది. 2020లో వచ్చిన వాలొరాంట్ అను ఆటను కట్టినవారు దీనికి మూలమందే మందు వేసిరి. శత్రువు కంటబడుటకు సిద్ధముగా నున్నప్పుడుగాని వాని చోటును ఎదుటి యంత్రమునకు పంపనే పంపరు. లేని సొత్తును దొంగ యెట్లు దోచును? ఆట నియమములలో రాడారు వాడినవాడు దొంగ కాడు. నియమములకు వెలుపల వాడినవాడే దొంగ. పిల్లలకు మనము తెలియజెప్పవలసిన భేదమిది.

మా యింటి తగవునకు వత్తును. కనుమనాడు ఉదయము ఇద్దఱిని పిలిచి ఇట్లు చెప్పితిని. “నాయనలారా, మీలో నెవ్వరును అధర్మము చేయలేదు. ఆట యిచ్చిన హక్కును ఒకడు దాగుటకు వాడినాడు, ఒకడు చూచుటకు వాడినాడు. తూకము మీకు నచ్చనిచో తక్కెడను దిద్దుకొనుడు. తక్కెడకై చుట్టఱికమును తెంచుకొనకుడు.” తమ స్నేహితులతో మాత్రమే ఆడుకొనునప్పుడు కొన్ని నియమములను తామే మార్చుకొనవచ్చునట. అప్పుడే యొక ఒప్పందము వ్రాసికొనిరి. ఒక యాటలో రాడారు లేదు, దయ్యపు మఱుగు లేదు. తరువాతి యాటలో రెండును కలవు. ఒకే చోట నిమిషముకంటె ఎక్కువ నక్కరాదు. మధ్యవర్తిగా నన్ను వ్రాలు చేయుమనిరి, చేసితిని. ఆ మధ్యాహ్నము ఇద్దఱు ఒక్క పంక్తిని గారెలు తినిరి. సాయంకాలమునకు మఱల వాదులాడుకొనిరి గాని, ఆ వాదము నియమమును గూర్చి. ఒకని గుణమును గూర్చి కాదు. నాకదియే చాలును.

పెద్దలారా, ఈ యాటలు మంచివా చెడ్డవా యని నన్నడిగినచో నేను తేల్చి చెప్పజాలను. చదువునకు, నిద్రకు కేటాయించిన వేళను అవి మ్రింగరాదు; ఆ గట్టు మనము వేయవలసినదే. రెండవ గట్టు ఇంకొకటి కలదు. ఆటలో చచ్చినవాడు లేచును. కన్నునకు విరుగుడు దొరకును. చూడబడువానికి హెచ్చరిక వినబడును. హాంబర్గులో 1943లో ఆ పీలికలు రాలిన వారములో చచ్చిన వేలకొలది జనులలో ఒక్కడును లేవలేదు. ఆ రెంటికి గల యెడమును పిల్లవానికి చెప్పగలవారు ఇంటి పెద్దలే. చెప్పుటకు ముందు వాని యాట యేమో వినవలయును. వినక బీరువాకు తాళము వేసినవాడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు కొంత హక్కు కలదనుకొందును.

సెలవు.